నలభై ఒకటో వరుస

నిప్పును కనిపెట్టిన తారీఖు ఎవరూ రాసిపెట్టుకోలేదు. చక్రం సంగతీ అంతే. దొర్లుతోంది కదా అని ఊరుకున్నారు. కానీ నీటి పరీక్షల విభాగంలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న ఒకావిడ పద్నాలుగు లైన్లను మౌసుతో లాగి నీలం చేసి, కాపీ కొట్టి, కింద అతికించి, అందులో ఒకటి అనే అంకెను రెండుగా దిద్దిన ఘట్టానికి మాత్రం ఆధారాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. తొమ్మిదేళ్ల కిందటి మంగళవారం, ఉదయం పదకొండూ పది. ఆవిడ కంప్యూటరులో ఆ ఫైలు మీద ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ నాగరికత చాలా వేగంగా వికసించింది. పదకొండున్నరకి నాలుగో ముక్క, భోజనం వేళకి పదహారోది, సాయంత్రం నాలుగూ ఇరవైకి నలభై ఒకటోది. మొత్తం అయిదు వందల డెబ్భై నాలుగు లైన్లు. ఆ తర్వాత తొమ్మిదేళ్లపాటు ఒక్క అడుగు ముందుకు వేయలేదు, వెనక్కీ వేయలేదు. అంత నిలకడగా ఉన్న రాజ్యాలు చరిత్రలో కొద్ది.

ఆవిడకి ఆఫీసు పెట్టిన పేరు నకళ్ళక్క. ఎదురుగా అక్క అనేవాళ్ళు, తలుపు దాటాక దాని ముందు నకళ్ళు కూడా కలిపేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. నలభై ఏడేళ్ల మనిషికి తెలియని పేరు ఆఫీసులో ఉండదు.

పని ఇది. ఊళ్ళో నలభై ఒక్క చోట్ల, ట్యాంకుల పక్కన గోడకి బిగించి, చిన్న చిన్న డబ్బాలు ఉంటాయి. ప్రతి డబ్బా ఉదయం ఎనిమిదింటికి తన ట్యాంకులో నీళ్ళు ఎలా ఉన్నాయో చూసి, మూడు అంకెలు ఒక ఫైలులో పెట్టి పంపిస్తుంది: మందు ఎంత కలిసింది, మురికి ఎంత ఉంది, పులుపు ఎంత ఉంది. ఆ నలభై ఒక్క ఫైళ్ళనూ తెరిచి, అంకెలు తీసి, ఒక పట్టికగా పేర్చి, కాగితం మీద అచ్చు వేసి మేడమీద ఇంజనీర్లకి పంపాలి. అంతకుముందు ఇదంతా చేత్తో చేసేది. ఒక పూట పట్టేది.

ఇదంతా కంప్యూటరే చేసేలా దానికి వరసగా ఆదేశాలు రాసిపెట్టడం, అంటే స్క్రిప్టు అనేది, నేర్పింది ఆవిడ భర్త. అదే ఆఫీసులో మేడమీద కరెంటు విభాగంలో ఉండేవాడు. ఒక సోమవారం సాయంత్రం కిందికి వచ్చి, ఆవిడ కుర్చీ పక్కన నిలబడే పద్నాలుగు లైన్లు కొట్టాడు. ఒకటో ట్యాంకు ఫైలు తెరవడం, అంకెలు తీయడం, వరుసలో రాయడం. "మిగతావాటికీ ఇదే పద్ధతి" అని వెళ్ళాడు. ఇదే పద్ధతి అంటే, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ తిప్పే మార్గం ఒకటుంది, రేపొచ్చి చెప్తాను అని ఆయన ఉద్దేశం. ఇదే పద్ధతి అంటే ఇదే పద్ధతి అని ఆవిడ అర్థం చేసుకుంది. మర్నాడు సాయంత్రం ఆయన వచ్చేసరికి అయిదు వందల డెబ్భై నాలుగు లైన్లు తయారుగా ఉన్నాయి. ఆయన కిటికీ ఊచలు పట్టుకుని పావుగంట నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "పనిచేస్తోంది కదా, ఉంచెయ్" అన్నాడు. ఉంచేసింది.

ఆ పద్నాలుగు లైన్లలో మూడోది అసలు పనికి సంబంధించింది కాదు. ముందు ఒక గుర్తు పెట్టి రాస్తే కంప్యూటరు చదవకుండా వదిలేస్తుంది. మనుషులు చదువుతారన్న ఆశతో రాసుకునే లైను. ఫైలు తెరిచే చోటుకి సరిగ్గా పైన ఆయన ఇలా రాశాడు: "ఇక్కడ తడబడితే నన్ను పిలు." నకలు అంటే నకలే కనుక, అదీ నలభై ఒక్కసార్లు వచ్చింది.

ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. గురువారం, బస్టాపులో, గుండె. ఆవిడ ఆ తర్వాతి బుధవారం ఆఫీసుకి వచ్చి, తొమ్మిదింటికి మీట నొక్కింది. స్క్రిప్టు నడిచింది. వరుసలు పడ్డాయి.

అప్పట్నుంచి ఆవిడ ఏడవలేదు. ఏడుపు ఆపుకుందని కాదు. ఆపుకోవడానికి అక్కడ ఏమీ లేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవి ఉంటుందే, ఉందని తెలుస్తుంది గానీ తగలదు, అలాగ. తినేది, పడుకునేది, బస్సెక్కేది. నొప్పి అని చెప్పుకోవడానికి ఒక్క చోటు చూపించలేకపోయింది.

దీన్ని భరించలేకపోయిన మనిషి వదిన, అంటే భర్తకి అక్క. ముప్ఫై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. పది రోజులు తోడుంటానని సంచీతో వచ్చింది. పద్నాలుగు నెలలైనా ఆ పదో రోజు ఇంకా గడవలేదు. సాయంత్రం తలుపు తీస్తూనే, పేషెంటుకి నర్సు వేసే ప్రశ్నలా అడిగేది.

"ఏమే, ఇవాళ ఏమైనా అనిపించిందా?"

"లేదు వదినా."

"పొద్దున్న నీ గొంతు కొంచెం బొంగురుపోయింది. నేను విన్నాను."

"జలుబు."

"ఒఠ్ఠి జలుబేనా?"

"ఒఠ్ఠి జలుబే వదినా. తుమ్మి చూపించమంటావా?"

వదిన నిరుత్సాహంగా వంటింట్లోకి వెళ్ళేది. ఆవిడ తమ్ముడి కోసం ఎప్పుడో ఏడ్చేసి తేలికపడింది. ఇంట్లో ఒక్కతే ఏడ్చానన్న వెలితి మాత్రం మిగిలిపోయింది.

నాగరికత పతనం ఇలా మొదలైంది. డబ్బాలు పంపే ఫైళ్ళ పేర్లలో తారీఖు రాసే వరుస మారింది: ఇదివరకు రోజు ముందు, నెల తర్వాత, ఇప్పుడు నెల ముందు, రోజు తర్వాత. నకళ్ళక్క నలభై ఒక్క చోట్ల దిద్దడానికి కూర్చుంది. భోజనం వేళకి పూర్తయిందనుకుంది. ఇరవై మూడో ముక్క మిగిలిపోయింది. అక్కడేదో పాత ఫైలు చేతికి తగిలి, పట్టిక ప్రకారం నాలుగు రోజులపాటు ఇరవై మూడో ట్యాంకులో ఒకే శనివారం నీళ్ళు కదలకుండా ఉన్నాయి.

పట్టుకున్నది కొత్త ఇన్‌చార్జి. ముప్ఫై ఒక్కేళ్ల పిల్ల. వచ్చేటప్పుడు గోడకి తగిలించే తెల్ల బోర్డు సొంతంగా తెచ్చుకుంది. నకళ్ళక్క కంప్యూటరు ముందు కూర్చుని, స్క్రిప్టుని పైనుంచి కిందికి జరుపుతూ పోయింది. చాలాసేపు జరిపింది.

"మేడమ్, ఇది మీరే రాశారా?"

"పద్నాలుగు లైన్లు మా ఆయన రాశారండీ. మిగతావి నేను."

"మిగతావంటే?"

"అవే పద్నాలుగండీ."

ఇన్‌చార్జి నొసలు రుద్దుకుంది. "ఇక్కడ 'నన్ను పిలు' అని ప్రతిచోటా ఉంది. ఎవర్ని పిలవాలి?"

"ఆయన్నండీ."

"ఆయనది ఏ సెక్షను?"

"పోయారండీ."

"అయ్యో, సారీ మేడమ్, నాకు తెలీదు..."

"పర్లేదండీ" అంది నకళ్ళక్క, ప్రింటరులో సిరా అయిపోయిందంటే అనే గొంతుతోనే.

ఇన్‌చార్జి కఠినురాలు కాదు, తీరిక లేనిది. విషయం సూటిగా చెప్పింది. బయటి కంపెనీ ఒకటి ఈ పనికి తయారు సరుకు, అంటే రెడీమేడ్ సాఫ్ట్‌వేరు, ఇస్తానంటోంది. అది వస్తే ఈ కుర్చీ అక్కర్లేదు. మేడమ్‌ని ఊరి అవతలి చివర పైపుల గోడౌనుకి పంపిస్తారు. ఆ సరుకు రాకుండా ఉండాలంటే స్క్రిప్టుని ఇంకొకరు చదివి అర్థం చేసుకునేలా తిరగరాయాలి. రాశాక ముప్ఫై పనిదినాలు నడవాలి. "ఒక్క రోజు కూడా ఆగకూడదు" అని బోర్డు మీద ముప్ఫై గళ్ళు గీసింది.

గోడౌనులో చెడ్డేమీ లేదు. పైపులుంటాయి, అంతే. కానీ నకళ్ళక్క రోజంతటికీ నాలుగు నిమిషాలే ఉన్నాయి: తొమ్మిదింటికి మీట నొక్కి, వరుసలు ఒకదాని కింద ఒకటి పడుతుంటే చూసే నాలుగు నిమిషాలు. ఆ సేపట్లో ఎలా ఉన్నావని ఎవరూ అడగరు, తనకి తాను కూడా. మిగతా ఇరవై మూడు గంటల యాభై ఆరు నిమిషాలూ వాటికి కాపలా. కుర్చీ పోతే కాపలా కాయడానికి కూడా ఏమీ మిగలదు. అది ఆవిడ ఎవరితోనూ చెప్పలేదు. చెప్పుకోవడానికి మరీ చిన్నదిగా ఉంది.

కనుక చదువు మొదలైంది. ఆఫీసు బీరువాలో స్క్రిప్టు భాష మీద ఒక లావుపాటి పుస్తకం ఉంది. ఇలాంటి పుస్తకాలన్నిటికీ ఒకటే లక్షణం: మూసి పక్కనుంచి చూస్తే మొదటి యాభై పేజీలూ చేతి మురికికి నల్లగా, మిగతా నాలుగు వందలూ పెళ్ళికూతురు చీరలా మడత నలగకుండా ఉంటాయి. ఎందరో మహానుభావులు ఆ నల్ల అంచు దాకా వచ్చి, అటు చూసి, దండం పెట్టి వెనక్కి తిరిగారు. నకళ్ళక్క రోజూ గంట ముందొచ్చి, ఆ అంచు దాటి తెల్ల పేజీల్లోకి అడుగుపెట్టింది. వీడ్కోలు చెప్పడానికి ఎవరూ లేరు, బాబాయి తప్ప.

బాబాయి అంటే ట్యాంకుల దగ్గరికి స్కూటరు మీద వెళ్ళి సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చే మనిషి. ఆఫీసు మొత్తానికి బాబాయే. ఏ బల్ల మీద ఖాళీ ఉంటే అక్కడ సీసాలు దించుతాడు.

"ఏంటమ్మాయ్, పరీక్షలా?"

"కుర్చీ కోసం బాబాయ్."

"నాకసలు కుర్చీయే ఇవ్వలేదు చూడు, అందుకే చదువు బెడద లేదు" అని సీసా ఒకటి పుస్తకం మీద బరువుగా పెట్టాడు, పేజీ ఎగిరిపోకుండా.

నల్ల అంచు దాటిన మొదటి అధ్యాయం ఫంక్షన్ల మీద. సారాంశం ఏమిటంటే, ఒక పనిని నలభై ఒక్కసార్లు చూపించనక్కర్లేదు. ఒక్కసారి నేర్పి, దానికో పేరు పెట్టి, కావలసినప్పుడల్లా ట్యాంకు నంబరు చేతికిచ్చి ఆ పేరుతో పిలిస్తే చాలు. ఆవిడ ఆ పేజీ మూడుసార్లు చదివింది. తొమ్మిదేళ్ల కిందట కిటికీ దగ్గర పావుగంటసేపు ఆయన దేనికి నవ్వాడో అప్పుడు అర్థమైంది. అర్థమైంది, అంతే. పెదవి మీద సూది మందు అలాగే ఉంది.

మొదటి ప్రయత్నంలో నలభై ఒక్క ట్యాంకుల్లోనూ ఒకే నీళ్ళు వచ్చాయి. చేతికిచ్చిన నంబరు వాడమని చెప్పడం మరిచి, లోపల ఒకటి అనే పాత అంకె వదిలేసింది. రెండో ప్రయత్నంలో ఏ ట్యాంకులోనూ నీళ్ళు రాలేదు. అంకెలన్నీ తీసిన ఫంక్షన్ వాటిని తిరిగి ఇవ్వలేదు. తీసుకున్నది తిరిగి ఇవ్వమని కూడా నోరు విడిచి చెప్పాలని పుస్తకం తర్వాతి పేజీలో ఉంది. ఎనిమిదో రోజుకి అన్నీ కుదిరాయి. అప్పుడు పాత ముక్కల్ని కిందనుంచి ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టింది. నలభై ఒకటి, నలభై, ముప్ఫై తొమ్మిది. "నన్ను పిలు" నలభైసార్లు పోయి, ఫంక్షన్ లోపల ఒకటి మిగిలింది. ఏమైనా అనిపిస్తుందేమోనని రెండు క్షణాలు ఆగి చూసింది. అనిపించలేదు. ఫైలు దాచుకుంది. అరవై ఒక్క లైన్లు.

బోర్డు మీద మొదటి రెండు గళ్ళలో టిక్కులు పడ్డాయి. మూడో రోజు తొమ్మిదో ట్యాంకు ఫైలు ఆలస్యమైంది. లేని ఫైలుని తెరవబోయిన స్క్రిప్టు మధ్యలో నిలబడిపోయి, తెర నిండా ఎర్ర అక్షరాలు కక్కింది.

"ఆగింది మేడమ్" అంది ఇన్‌చార్జి, బోర్డు తుడుస్తూ. "మళ్ళీ ఒకటి నుంచి."

నకళ్ళక్క పుస్తకంలో తప్పుల అధ్యాయానికి వెళ్ళింది. ఏదైనా చోట తప్పు రావచ్చనిపిస్తే, ఆ చోటుని ఒక కంచెలో పెట్టవచ్చట. తప్పు వస్తే స్క్రిప్టు కుప్పకూలదు. కంచె పక్కన ఏం చేయమని రాస్తే అది చేసి ముందుకు పోతుంది. ఏం చేయాలో మన ఇష్టం. పేజీ అడుగున ఉదాహరణలో, అక్కడ ఒకే ఒక్క మాట ఉంది. దాని అర్థం "ఏమీ చేయకు, సాగిపో".

ఏమీ చేయకపోవడానికి కూడా ఒక మాట కేటాయించిన భాష అది. ఆవిడకి తెలిసిన మిగతా భాషల్లో ఆ మాట లేదు. అక్కడ ఏమీ చేయకపోతే వదిన వచ్చి కారణం అడుగుతుంది. ఆవిడ ఆ మాటని ఉన్నదున్నట్టు దింపుకుంది. అలవాటైన పనే కదా. పేజీ తిప్పబోతుంటే సంతకానికి పిలుపొచ్చి లేచింది.

అప్పట్నుంచి స్క్రిప్టు ఆగలేదు. ఎర్ర అక్షరాలు మళ్ళీ కనిపించలేదు. నాలుగు నిమిషాల పని ఏడు సెకండ్లకి దిగింది. చూస్తూ కూర్చోవడానికి వీల్లేనంత తొందర. మిగిలిన సేపు ఆవిడ అయిపోయిన తెరనే చూస్తూ కూర్చునేది. బోర్డు మీద టిక్కులు నిండుతూ వచ్చాయి: అయిదు, ఎనిమిది, పన్నెండు.

ఇంకో అభివృద్ధి కూడా జరిగింది. ఆ పట్టిక ఎప్పుడూ రెండు కాగితాలు తినేది. మొదటి కాగితం మీద నలభై వరుసలు పట్టేవి. నలభై ఒకటో వరుస ఒక్కటీ రెండో కాగితం నెత్తిన పడి, కింద అంతా తెల్లగా మిగిలేది. తొమ్మిదేళ్లపాటు అక్షరాలు చిన్నవి చేసి, అంచులు జరిపి, ఎన్ని తిప్పలు పడినా ఆ వరుస పైకి ఎక్కలేదు. అలాంటిది తొమ్మిదో టిక్కు నుంచి మొత్తం పట్టిక ఒక్క కాగితంలో ఒదిగిపోయింది.

"చూశారా మేడమ్, పద్ధతిగా రాస్తే కాగితం కూడా కలిసొస్తుంది" అంది ఇన్‌చార్జి. నకళ్ళక్క తల ఊపింది. ఫంక్షన్ల అధ్యాయంలో కాగితం ప్రసక్తి ఉన్నట్టు గుర్తు లేదు గానీ, ఆ పుస్తకంలో తను చదవని పేజీలు ఇంకా మూడు వందలున్నాయి. మేడమీది ఇంజనీర్లు కూడా మెచ్చుకున్నారు. పట్టికను చదివి కాదు, అది పల్చగా ఉందని.

ఇరవై ఎనిమిదో రోజు తొమ్మిదింబావుకి బాబాయి ప్రింటరు దగ్గర నిలబడి, కాగితాలు వచ్చే తొట్టిలో చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు.

"ఏం పోయింది బాబాయ్?"

"అడుగుదామనుకుంటూనే మర్చిపోతున్నానమ్మాయ్. రెండో కాగితం రావడం లేదేంటి?"

"అన్నీ ఒకదాన్లోనే పట్టేస్తున్నాయి కదా."

"మీకు పడితే సరిపోయిందా? రేపు ఏ ట్యాంకుకి వెళ్ళాలో నేను దేని మీద రాసుకోవాలి? తొమ్మిదేళ్ల బట్టీ ఆ తెల్ల భాగం నాదే. ఇంజనీరు పైన వరుస చూసి ఇచ్చేస్తే, కిందదంతా నేనే వాడుకుంటున్నా. నాలుగు వారాల్నుంచి అరచేతి మీద రాసుకుంటున్నాను. చెయ్యి కడిగితే దారి పోతోంది."

"వేరే కాగితం ఇస్తాలే బాబాయ్."

"వేరేది ఎందుకు? అసలు ఎలా పట్టిందమ్మాయ్? ఏదైనా ట్యాంకు కట్టేశారా?"

నకళ్ళక్క బల్ల మీది కాగితం తీసుకుంది. వేలు పెట్టి పైనుంచి లెక్కపెట్టింది. ఇంకోసారి కిందనుంచి పైకి. నలభై. పదహారు తర్వాత పద్ధెనిమిది ఉంది. రెండిటి మధ్యా ఖాళీ కూడా లేదు. పదిహేడు అనేది ఎప్పుడూ లేనంత నున్నగా అతుక్కుపోయింది.

పాత కాగితాలు తీసింది. ఎనిమిదో టిక్కు రోజు దాకా పదిహేడు ఉంది. తొమ్మిదో రోజు నుంచి లేదు. ఇవాళ్టితో ఇరవై రోజులు. పదిహేడు అంటే బడి వెనక ట్యాంకు. ఆరు వందల మంది పిల్లలు తాగే నీళ్ళు.

ఆవిడ కంచె పక్కన పెట్టిన ఆ మాటని తీసేసింది. స్క్రిప్టు నడిపింది. పదహారు దాటగానే తెర నిండా ఎరుపు. పదిహేడో ఫైలు లేదు, ఫలానా లైను దగ్గర తడబడ్డాను అంటోంది. ఆ లైనుకి వెళ్ళింది. దాని పైన ఆయన రాసింది ఉంది: ఇక్కడ తడబడితే నన్ను పిలు.

ఆయన్ని పిలిచే వీలు లేదు కనుక బాబాయిని పిలిచింది.

"బాబాయ్, స్కూటరు తియ్యి. పదిహేడో ట్యాంకు. డబ్బా చూడు, సీసాలో నీళ్ళు పట్టు. చూడగానే నాకు ఫోను చెయ్యి."

"టిఫిను..."

"తర్వాత."

ఆవిడ గొంతు అలా ఉండగా బాబాయి పద్నాలుగు నెలల్లో వినలేదు. మారు మాట్లాడకుండా తాళం తీసుకున్నాడు.

అతను వెళ్ళాక ఆవిడ పుస్తకం తెరిచి, సంతకం పిలుపు రోజున తిప్పకుండా వదిలేసిన పేజీ తిప్పింది. వెనకవైపు మొదటి వాక్యం: "పై ఉదాహరణలో చూపినట్టు ఎన్నడూ చేయరాదు." పుస్తకం మూసేసింది. ఇవాళ్టిది పోను ఇంకా రెండే గళ్ళున్నాయి. పట్టికలో పదిహేడో వరుస రేపు మళ్ళీ కనబడేలా చేసి ఊరుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఇంజనీర్లకి పల్చదనం చాలు. బాబాయికి కాగితం చాలు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. దాన్ని వెంటబెట్టుకునే ఇన్‌చార్జి గదికి నడిచింది.

"ఇరవై రోజులా?" అంది ఇన్‌చార్జి.

"ఇవాళ్టితో కలిపండీ."

"మరి స్క్రిప్టు ఎందుకు ఆగలేదు?"

"తప్పొస్తే మాట్లాడకుండా ముందుకెళ్ళమని రాశానండీ. నేనే."

"రెండు రోజుల్లో అయిపోయేది కదా మేడమ్."

"అయిపోయేదండీ."

"మరి?"

"బడి వెనక ట్యాంకండీ."

ఇన్‌చార్జి లేచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. ఇరవై ఏడు టిక్కుల్నీ కాసేపు చూసింది. తుడిచే గుడ్డ కోసం వెతికి, దొరక్క, అరచేత్తోనే తుడిచేసింది. "ఆగకూడదని గీత గీసింది నేనే లెండి" అంది బోర్డుతో. తర్వాత ఇటు తిరిగి, "రేపట్నుంచి ఒకటి. గోడౌను సంగతి ముప్ఫై అయ్యాకే" అంది.

"మళ్ళీ ఆగితేనండీ?"

"ఏ ట్యాంకు దగ్గర ఏమైందో ఆ వరుసలోనే అచ్చు వేయించండి. అలా చెప్తే అది ఆగినట్టు కాదు. చెప్పకపోతేనే ఆగినట్టు."

పదకొండింటికి బాబాయి ఫోను చేశాడు.

"అమ్మాయ్, డబ్బా పడుకుంది. దీపం లేదు, చప్పుడు లేదు."

"నీళ్ళెలా ఉన్నాయి?"

"నీళ్ళలాగే ఉన్నాయి."

"రంగు బాబాయ్, రంగు!"

"నీళ్ళ రంగే తల్లీ. సీసాలు పట్టాను, వస్తున్నా."

సీసాలు వచ్చి, లోపలి గదిలో పరీక్ష అయ్యేసరికి ఒంటిగంట. ఆ రెండు గంటలూ నకళ్ళక్క కుర్చీలో కూర్చుని, చేతులు తొడల కింద పెట్టుకుంది. ఆరు వందల మంది, ఇరవై రోజులు అని లెక్క వేయబోయి మానేసింది. పరీక్షలో మూడు అంకెలూ ఉండాల్సిన చోటే ఉన్నాయి. బడిలో ఎవరికీ ఏమీ కాలేదు. ఆవిడ మంచినీళ్ళు తాగి, పెట్టె తెరిచి, చల్లారిన అన్నం తినేసింది.

సాయంత్రం తలుపు తీస్తూనే ప్రశ్న వచ్చింది.

"ఏమే, ఇవాళ ఏమైనా అనిపించిందా?"

"భయమేసింది వదినా."

వదిన స్టవ్వు కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎంతసేపు?"

"రెండు గంటలు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా."

"బాగా వేసిందా?"

"బాగానే వేసింది. చేతులు వణికాయి."

"తర్వాత?"

"తగ్గిపోయింది."

"ఏడుపు?"

"లేదు."

వదిన తల ఊపింది. ముప్ఫై రెండేళ్లు అవతల మాట పలకని తీగలకి చెవి ఒగ్గిన మనిషి. "సరేలే. లైను ఉందన్నమాట" అంది. "రేపు మళ్ళీ అడుగుతా." స్టవ్వు ముట్టించింది.

మలి విడత ముప్ఫై గళ్ళూ ఆరు వారాల్లో నిండాయి. పదిహేడోది కాక, వాటిలో నాలుగు రోజులు ఇంకేదో ఒక ట్యాంకు తడబడింది. నాలుగుసార్లూ ఆ వరుసలోనే "ఫైలు రాలేదు, చూడండి" అని అచ్చయింది. నాలుగుసార్లూ బాబాయి తిట్టుకుంటూ స్కూటరు తీశాడు. బయటి కంపెనీ మనిషి వచ్చినప్పుడు ఇన్‌చార్జి ఒకే ప్రశ్న వేసింది: ఫైలు రాకపోతే మీ సరుకు ఏం చేస్తుంది? అసలు ఆగదండీ, అన్నాడతను గర్వంగా. ఆ సరుకు రాలేదు, నకళ్ళక్క కిటికీ పక్క కుర్చీలోనే ఉంది. రెండో కాగితం మీద నలభై ఒకటో వరుస ఒంటరిగా పడుతోంది. దాని కింది తెల్ల భాగం బాబాయిది. ఫంక్షన్ లోపల ఆయన లైను ఒక్కటే ఉంది; దాన్ని ఎవరూ దిద్దలేదు. వదిన సంచీ ఇంకా మంచం కిందే ఉంది, ప్రశ్న ఇంకా నడుస్తోంది.

ఇక పదిహేడో ట్యాంకు వ్యవహారం చిన్నగా పోలేదు. ఇరవై రోజుల మౌనం మీద మేడమీద విచారణ వేశారు. ముగ్గురు ఇంజనీర్లు రెండుసార్లు సమావేశమయ్యారు. నకళ్ళక్క వాంగ్మూలం రెండు ప్రతుల్లో తీసుకున్నారు. రెండో ప్రతి ఆవిడే కాపీ చేసి ఇచ్చింది. డబ్బాని గోడనుంచి విప్పించి, గుడ్డలో చుట్టించి, బల్ల మీద పెట్టి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయించారు. పదకొండు పేజీల నివేదిక తయారైంది. దాని చివరి పేజీలో, కారణం అన్న మాటకి ఎదురుగా, బ్యాటరీ అయిపోయింది అని ఉంది. సన్న సెల్లులు రెండు పడతాయి. బాబాయి వేసి వచ్చాడు.